రంగు గాజులో వెలుగును నిలిపిన ఫ్రాంక్ సాలిస్‌బరీ

యానాం అగ్రహారం వంటి గోదావరి తీరపు పాత వాడలలో నడిచేవారికి, కాలపు తాకిడికి తట్టుకొని నిలిచిన పెంకుటిండ్లలో అక్కడక్కడ ఒక వింత శోభ కనిపిస్తుంది. సింహద్వారం మీద అర్ధచంద్రాకారంలోనో, కిటికీ పైభాగాన చదరపు గళ్ళలోనో ఎరుపు, నీలం, పచ్చ, పసుపు అద్దాలు బిగించి ఉంటాయి. ఉదయపు ఎండ వాటి గుండా వచ్చి మండువాలోని గచ్చు మీద రంగుల ముగ్గు పరుస్తుంది. ఒక అద్దం పగిలితే దాని స్థానంలో తెల్ల అద్దమో, రేకు ముక్కో, అట్టముక్కో వచ్చి చేరుతుంది. అలా ఒక్కొక్క రంగే రాలిపోయి, చివరకు ఇంటితోపాటు ఆ పనితనమూ కనుమరుగవుతున్నది.

ఇండ్ల గుమ్మాలలో ఇంత నిరాడంబరంగా కనిపించే ఈ విద్యకు తెలుగు నేల మీద ఒక మహోన్నతమైన ఉదాహరణ ఉంది. అది మెదక్ చర్చిలోని మూడు రంగు గాజు కిటికీలు. వాటిని కన్నులారా చూచి వచ్చినవారు వేలకు వేలు. వాటిని తీర్చిన శిల్పి పేరు ఎరిగినవారు మాత్రం కొద్దిమంది. ఆయన ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ. చక్రవర్తులను, అధ్యక్షులను చిత్రించిన ఆ చేతులు మొదట పట్టినది గాజు కోసే పనిముట్లనే.

సీసంతో ముడిపడిన ఇల్లు

సాలిస్‌బరీ 1874 డిసెంబరు 18న ఇంగ్లండులోని హార్ట్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన హార్పెండెన్ గ్రామంలో జన్మించారు. తండ్రి హెన్రీ సాలిస్‌బరీ, తల్లి సూజన్. పదకొండుమంది సంతానంలో ఆయన ఒకరు. తండ్రిది చేతిపనుల మీద నడిచే సంసారం. నీటిగొట్టాలు అమర్చడం, ఇండ్లకు రంగులు వేయడం, ఇనుప సామాను అమ్మడం ఆయన వృత్తులు.

గొట్టాల పనికీ గాజు పనికీ సంబంధమేమిటని పాఠకులకు సందేహం కలుగవచ్చును. ఆ దేశంలో ఈ రెండు వృత్తులూ తోబుట్టువుల వంటివి. లాటిన్ భాషలో సీసాన్ని ప్లంబమ్ అంటారు. ప్లంబర్ అనే మాట దాని నుండే పుట్టింది. ఇంటి పైకప్పుకు సీసపు రేకు పరచినవాడు, సీసపు గొట్టం అతికినవాడు, సీసపు పట్టీలతో కిటికీ గాజులు బిగించినవాడు అనేక ఊళ్ళలో ఒక్కడే. కనుక సాలిస్‌బరీ పుట్టినది కళాకారుల ఇంట కాకపోయినా, సీసాన్ని వంచి అతికే విద్యకు సమీపంలోనే.

బాల్యంలో ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. బడికి సక్రమంగా పోలేని ఆ బాలునికి ఇంటివద్ద అక్కగారే చదువు చెప్పవలసి వచ్చింది. పెద్ద కుటుంబం, పరిమితమైన రాబడి, బలహీనమైన దేహం. ఇవి మూడూ కలిసిన చోట పిల్లవాని భవిష్యత్తు ఒక పనిలో కుదురుకోవడం మీదనే ఆధారపడుతుంది. పదిహేనవ ఏట ఆయన అన్న హెన్రీ జేమ్స్ వద్ద శిష్యునిగా చేరారు. అన్న సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో రంగు గాజు కిటికీలు తయారుచేసే ఒక పెద్ద సంస్థను నడిపేవారు.

గాజుకు రంగు, రంగుకు నిప్పు

ఆ కర్మశాలలో సాలిస్‌బరీ నేర్చినదేమిటో తెలియాలంటే కిటికీ తయారయ్యే క్రమం తెలియాలి. ఫ్రెంచివారు విత్రాయ్ అని పిలిచే ఈ కళ సుమారు వెయ్యేండ్లుగా ప్రధాన పద్ధతి మారకుండా సాగుతున్నది.

ఇందులో గాజు మీద రంగు పూయడం కంటె, గాజులోనే రంగు పుట్టించడం ముఖ్యం. గాజు కరిగి ఉన్నప్పుడు కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే ఎరుపు లేదా ఆకుపచ్చ, ఇనుము కలిపితే పచ్చదనం, బంగారం కలిపితే గులాబి వర్ణం వస్తాయి. అలా పుట్టిన రంగు ఎండకు వెలియదు, వానకు కారిపోదు.

మొదట చిత్రకారుడు కిటికీ ఎంత పరిమాణమో అంత పరిమాణంలో కాగితం మీద బొమ్మ గీస్తాడు. ఏ ముక్క ఏ రంగో, సీసపు గీత ఎక్కడ పోవాలో అందులోనే నిర్ణయిస్తాడు. ఆ ప్రకారం గాజును ముక్కలుగా కోస్తారు. ముఖంలోని కన్నులు, వస్త్రంలోని మడతలు, చేతివ్రేళ్ళ నీడలు వంటి సూక్ష్మ వివరాలను లోహభస్మం, గాజుపొడి కలిపిన నల్లని వర్ణంతో కుంచెపట్టి వేస్తారు. తరువాత ముక్కలను బట్టీలో సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో కాలుస్తారు. అప్పుడు ఆ గీత గాజులో కలిసిపోతుంది. వెండి లవణాన్ని గాజు వెనుక పూసి కాల్చితే పసుపు వర్ణం వస్తుంది. సాధువుల శిరస్సుల చుట్టూ కనిపించే కాంతివలయం చాలా చోట్ల ఇలా వచ్చినదే.

కాలిన ముక్కలను రెండు వైపులా గాడి ఉన్న సీసపు పట్టీలలో ఇమిడ్చి, కూడళ్ళ వద్ద తగరం, సీసం కలిపిన టంకం పెడతారు. సుద్దపొడి, అవిసెనూనె కలిపిన ముద్దను పట్టీల సందులలోకి ఎక్కించి గాలివానలు లోపలికి రాకుండా చేస్తారు. చివరకు ఆ పలకను రాతి చట్రంలో నిలిపి, అడ్డంగా పోయే లోహపు కడ్డీలకు రాగితీగతో కట్టివేస్తారు.

యువ సాలిస్‌బరీ ఈ అంచెలన్నిటినీ వేగంగా వశం చేసుకొన్నారు. బట్టీలో పెట్టబోయే గాజు మీద సూక్ష్మ వివరాలను చిత్రించడంలో ఆయన చేతికి సాటిలేదని అన్నగారు గ్రహించారు. మంచి పనివాణ్ణి కర్మశాలలోనే కట్టిపడవేయడం యజమానికి లాభం. కాని అన్న ఆ లాభం చూచుకొనలేదు. వారంలో మూడు రోజులు లండనులోని హెదర్లీ చిత్రకళా పాఠశాలకు తమ్ముణ్ణి తన ఖర్చుతో పంపించారు. సాలిస్‌బరీ జీవితంలోని మలుపు ఈ త్యాగమే.

రాజుల సన్నిధికి

హెదర్లీ నుండి ఆయన రాయల్ అకాడమీ పాఠశాలలో విద్యార్థివేతనంతో ప్రవేశించారు. అక్కడ పతకాలు గెలిచారు. లాండ్‌సీర్ పేరిట ఇచ్చే వేతనం పొంది 1896లో ఇటలీ వెళ్ళి ప్రాచీన చిత్రకారుల రచనలను పరిశీలించారు. 1899లో అకాడమీ ప్రదర్శనలో ఆయన చిత్రం మొదటిసారి చోటు చేసుకొన్నది. అది ఆలిస్ మాడ్ అనే యువతి రూపచిత్రం. 1901లో ఆమెనే వివాహమాడారు. వారికి కవల కుమార్తెలు కలిగారు.

తరువాతి అర్ధశతాబ్దం ఆయనకు కీర్తి కాలం. 1916లో జట్లండ్ నౌకాయుద్ధంలో తీవ్రంగా గాయపడి కూడ తన స్థానం వదలక నిలిచి, తరువాత మరణించిన పదహారేండ్ల జాక్ కార్న్‌వెల్‌ను చిత్రించారు. నమూనాగా నిలిచినవాడు ఆ బాలుని సోదరుడే. 1920లో అజ్ఞాత సైనికుని అంత్యయాత్రను చిత్రపటంగా మలిచారు. ఐదవ జార్జి 1935 నాటి రజతోత్సవ ప్రార్థన, ఆరవ జార్జి 1937 నాటి పట్టాభిషేకం ఆయన కుంచె నుండి వెలువడినవే. విన్‌స్టన్ చర్చిల్‌ను పలుమార్లు చిత్రించారు. అమెరికా వెళ్ళి అక్కడి అధ్యక్షుల రూపచిత్రాలు వేశారు. శ్వేతసౌధంలోని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధికారిక చిత్రం సాలిస్‌బరీదే.

ఇంత కీర్తి నడుమ ఒక లోటు మిగిలిపోయింది. అకాడమీ గోడల మీద సుమారు 70 చిత్రాలు ప్రదర్శితమైనా, ఆ సంస్థ ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. నవ్యచిత్రకళ పొంగివస్తున్న ఆ రోజులలో, ఉన్నది ఉన్నట్లు తీర్చే ఆయన శైలి విమర్శకులకు పాతబడిన బాణీగా తోచింది. ఆధునిక కళ పట్ల ఆయనకూ సానుభూతి లేదు. ఇరుపక్షాలూ మెత్తబడలేదు.

మెదక్‌లో మూడు కిటికీలు

ఇక్కడ కథ తెలుగు నేలకు మరలుతుంది. హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టు మతాచార్యుడు చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ఒక మహామందిర నిర్మాణం ప్రారంభించారు. అది మొదటి ప్రపంచయుద్ధం, కరవు కలిసివచ్చిన కాలం. అన్నం కోసం అలమటించే చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ఈ నిర్మాణమే కూలి చూపింది, గింజలు పెట్టింది. పదేండ్ల శ్రమ ఫలించి, 1924 డిసెంబరు 25న మందిరం ప్రతిష్ఠితమైంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు.

ఆ మందిరానికి కిటికీలు తీర్చినవారు సాలిస్‌బరీ. 1927లో ప్రధాన వేదిక వద్ద క్రీస్తు ఆరోహణం, 1947లో పడమటి పార్శ్వాన క్రీస్తు జననం, 1958లో తూర్పు పార్శ్వాన శిలువ ఘట్టం వెలిశాయి. మొదటి కిటికీ నాటికి ఆయన వయస్సు 52, మూడవ దాని నాటికి 83. గాజు కర్మశాలలో నేర్చిన విద్యను ఆయన రాజుల చిత్రాల మోజులో పడి విడువలేదని ఈ ముప్పది ఏండ్లే సాక్ష్యం.

ఈ మూడు కిటికీల నడుమ లోకం ఎంత మారిందో గమనింపదగినది. మొదటి రెండు కిటికీలు నెలకొన్ననాడు మెదక్ నిజాం ఏలుబడిలో ఉంది. మూడవ కిటికీ నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో భాగం. 2014 నుండి తెలంగాణలో ఉంది. ప్రభుత్వాలు మారాయి. కిటికీల గుండా వచ్చే వెలుగు మాత్రం మారలేదు.

ఈ బొమ్మలు పగటివేళ లోపల నిలిచి చూచేవారికే కనిపిస్తాయి. ప్రొద్దు గ్రుంకితే రూపాలు కరిగి, నల్లని గాజు మాత్రం మిగులుతుంది. కొందరు దీనిని అద్భుతంగా చెప్పుకొంటారు. రంగు గాజు స్వభావమే అది. నూనెరంగుల చిత్రం తన మీద పడిన వెలుగును తిప్పి పంపుతుంది. గాజు చిత్రం వెలుగును తనలో నుండి పోనిస్తుంది. వెనుక వెలుగు లేనప్పుడు బొమ్మ ఉండదు. సూర్యుడు కదిలేకొద్దీ అదే వస్త్రం ఉదయం ఒక నీలంగా, మధ్యాహ్నం మరొక నీలంగా కనిపించడానికి కారణమూ ఇదే.

పగిలినదానిని నిలిపే విద్య

గాజు తనంత తాను చావదు. అలసిపోయేది దానిని పట్టి ఉంచిన సీసమే. ఎండకు సాగి, చలికి ముడుచుకొని, తన బరువుకు తానే లొంగి, సుమారు నూరేండ్లకు సీసపు పట్టీలు పెళుసుబారుతాయి. పలక బొజ్జపెట్టినట్లు ముందుకు ఉబ్బుతుంది. అప్పుడు అనుభవజ్ఞులు పలకను దింపి, కాగితం పరచి ప్రతి గీతనూ రుద్ది అచ్చు తీసుకొంటారు. ముక్కలకు గుర్తులు పెట్టి విడదీసి, మెత్తగా శుభ్రపరచి, కొత్త సీసంలో మరల కూరుస్తారు. పగిలిన ముక్కను పారవేయక, అంచులకు పారదర్శకమైన బంక పెట్టి అతుకుతారు. ఆమ్లాలతో కడగడం, ఇసుక కాగితంతో రుద్దడం నిషిద్ధాలు. నిప్పులో కలిసిన గీతలు సైతం ఆ దెబ్బకు పోతాయి.

మన పాత ఇండ్లలోని రంగుటద్దాలు చాలావరకు ఇంత సంక్లిష్టమైనవి కావు. కొయ్య చట్రంలో సన్నని బద్దలతోనో, సుద్దముద్దతోనో బిగించిన రంగు పలకలవి. కనుక వాటిని కాపాడుకోవడం మరింత సులభం. ఇల్లు కూలగొట్టేటప్పుడు చట్రాన్ని గునపంతో పెళ్ళగించక, బద్దలు విప్పి అద్దాలను ఒక్కొక్కటిగా తీసి, గుడ్డలు చుట్టి నిలువుగా భద్రపరచవచ్చును. కొత్త ఇంటి గుమ్మం మీద అవే మరల వెలుగుతాయి. ఎండిపోయిన సుద్దముద్దను సకాలంలో మార్చితే, గాలివానల తీరంలో కూడ అద్దం రాలిపడదు.

సాలిస్‌బరీ 1962 ఆగస్టు 31న లండనులోని హాంప్‌స్టెడ్‌లో, తాను కట్టించుకొన్న సారమ్ చేజ్ అనే భవనంలో కన్నుమూశారు. వయస్సు 87. ఆ భవనాన్ని ఆయన బ్రిటిష్ చర్చిల మండలికి రాసియిచ్చారు. జీవించినంతకాలం మిన్నంటిన పేరు ఆయన తరువాత త్వరలోనే మసకబారింది. కళాచరిత్ర గ్రంథాలు ఆయనను పెద్దగా పట్టించుకొనలేదు.

అకాడమీ గౌరవం దక్కని ఆ చిత్రకారుని పనిని నేటికీ ప్రతి క్రిస్మస్‌కు మెదక్ మైదానం నిండే జనం తలలెత్తి చూస్తున్నది. అందులో చదువుకొన్నవారూ ఉంటారు, అక్షరం ఎరుగనివారూ ఉంటారు. సంతకం ఎవరిదో వారు అడగరు. ఒక సామాన్యుని ఇంట పుట్టి, అన్న చేయూతతో ఎదిగి, మొదట నేర్చిన పనిని చివరిదాకా విడువని మనిషికి ఇంతకు మించిన గౌరవం అవసరం లేదు. గోదావరి తీరపు పాత ఇంటి గుమ్మం మీద ఇంకా నిలిచి ఉన్న ఒక ఎర్రని అద్దాన్ని చూచినప్పుడు, దాని వెనుకనూ పేరు తెలియని ఒక పనివాని చేయి ఉందని తలచుకోవడం మన ధర్మం.