అమ్ముకొన్న బండి – హెన్రీ ఫోర్డు జీవితము

నా చిన్నతనమున కోనసీమలో మా మేనమామగారి ఊరియందు, కాలువ గట్టునగల ఒక పెద్దింటి బండ్ల సావడిలో పాత ఫోర్డు కారొకటి ఉండెడిది. అది నడుచుట నేనెన్నడును చూడలేదు. ఇరుసుల క్రింద ఇటుకలు పెట్టియుండిరి. వెనుక సీటులో కోడి గ్రుడ్లు పెట్టెడిది. అయినను ఆ ఇంటి తాతగారు ప్రతి పండుగకు దానిని గుడ్డతో తుడిచి, ముందున్న ఇనుప కడ్డీని త్రిప్పుట యెట్లో మాకు చేసి చూపెడివారు. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచవలెననియు, కడ్డీని చుట్టి పట్టినచో ఇంజను వెనుకకు తన్ని మణికట్టు విరుగుననియు హెచ్చరించెడివారు. ఆయన ప్రాయమున కారును పంటు మీదికి ఎక్కించి గోదావరి పాయ దాటించుటయే ఒక పెద్ద ప్రయాణమట. పాత ఇనుము కొనువారు బేరమునకు వచ్చినపుడెల్ల వారికి మజ్జిగ ఇచ్చి పంపివేసెడివారు. కదలని బండిపై ఇంత మమకార మేలయని మేము నవ్వుకొనెడివారము. ఆ బండిని లోకమున కిచ్చినవానికే అట్టి మమకారము కలదని నాకు తెలిసినది చాలకాలమునకు.

హెన్రీ ఫోర్డు 1863 జూలై 30వ తేదీన అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున, డియర్‌బార్న్ సమీపమున ఒక రైతు ఇంట జన్మించెను. తండ్రి విలియం ఐర్లండు నుండి వలస వచ్చినవాడు. హెన్రీకి పొలము పని గిట్టలేదు. చేతికి దొరకిన గడియారమును విప్పి మరల కూర్చుటయే అతని ఆట. 1876లో, పండ్రెండేండ్ల ప్రాయమున, తల్లి మేరీని పోగొట్టుకొనెను. ఆ యేటనే డెట్రాయిటు దారిలో, గుఱ్ఱములు లేకుండ తనంత తాను కదలివచ్చు ఆవిరి యంత్రము నొకదానిని చూచి, తండ్రి బండి నుండి దిగి పరుగెత్తి, దానిని నడపువానిని ప్రశ్నలతో ముంచెత్తెను. 1879లో ఇల్లు విడిచి డెట్రాయిటు యంత్రశాలలలో పనికి కుదిరెను. చాలని కూలిని పూరించుకొనుటకు రాత్రులు నగల దుకాణమున గడియారములు బాగుచేసెను.

1888లో క్లారా బ్రయంటును వివాహమాడెను. 1891లో ఎడిసన్ పేరిట నడచు విద్యుత్తు సంస్థలో ఉద్యోగము దొరకెను. 1893 క్రిస్మస్ ముందటి రాత్రి జరిగిన సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. తాను చేసిన చిన్న ఇంజనును హెన్రీ వంటింటి తొట్టి అంచునకు బిగించెను. పండుగ వంటలో మునిగియున్న క్లారా, ఆ పని ఆపి, చుక్కచుక్కగా పెట్రోలు పోసెను. రెండు నెలలైన నిండని బిడ్డ ఎడ్సెల్ ఆ ఇంటనే నిద్రించుచుండెను. ఇంజను మంటలు క్రక్కుచు తిరిగెను. పెద్ద పరిశోధనాలయము లేదనుచు కూర్చుండువారికి ఆ వంటింటి తొట్టిని చూపవచ్చును.

1896 జూన్ 4వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, ఇంటి వెనుక కొట్టములో తొలి బండి సిద్ధమయ్యెను. సిద్ధమైన పిదప తెలిసినది, అది తలుపులో పట్టదని! హెన్రీ గొడ్డలి పుచ్చుకొని గోడ ఇటుకలు పగులగొట్టి బండిని వీధిలోనికి తెచ్చెను. దానికి నాలుగు సైకిలు చక్రములు, త్రిప్పుటకు ఒక కఱ్ఱ. వెనుకకు నడచు ఏర్పాటు లేదు. ఆ బండిని 200 డాలర్లకు అమ్మి, ఆ సొమ్ముతో రెండవ బండి పనికి పూనుకొనెను. 1904లో, చేతికి కొంత డబ్బు రాగానే, ఆ తొలి బండినే వెదకి 65 డాలర్లిచ్చి తిరిగి కొనుక్కొనెను. అప్పటికది ఎందుకును కొఱగాని పాత సామాను. పాత బండ్లను ప్రేమించు వారి వంశమునకు అతనిని మూలపురుషుడనుట తప్పుకాదు.

ఆ మధ్యకాలము సులువుగా గడవలేదు. 1899లో పెట్టిన సంస్థ 1901లో మూతపడెను. రెండవ సంస్థ నుండి 1902లో అతడే బయటికి రావలసివచ్చెను. అదియే తరువాత కాడిలాక్ అయ్యెను. 1901లో ఒక పందెమున ప్రసిద్ధుడగు వింటనును ఓడించి పేరు గడించినందున మదుపు పెట్టువారు దొరకిరి. 1903 జూన్ 16న ఫోర్డు మోటారు కంపెనీ ఏర్పడెను.

1908 అక్టోబరు 1న వెలువడిన మోడల్ టి కారు అతని కీర్తికి మూలస్తంభము. ఇరువది గుఱ్ఱముల బలము, తేలికయైన గట్టి ఉక్కు, నేలకు ఎత్తైన అడుగుభాగము. మన డెల్టాలోని వానకాలపు గట్లవంటి బురదబాటలే అమెరికా పల్లెలకును ఉండెడివి. వానిపై నడచుటకే అది పుట్టినది. దానిని నడుపు పద్ధతియే వేరు. కాలి క్రింద మూడు పెడళ్ళు. ఒకటి వేగము మార్చుటకు, నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది ఆగుటకు. ఇంధనము పంపు లేక తనంత క్రిందికి జారవలసినదే కావున, ట్యాంకులో పెట్రోలు తగ్గినపుడు నిటారు గట్టు ఎక్కవలసినచో బండిని వెనుకకు త్రిప్పి ఎక్కించెడివారు. రైతులు వెనుక చక్రము నెత్తి నిలిపి, దానికి పట్టా తగిలించి, కఱ్ఱ కోసిరి, ధాన్యము నూర్చిరి. ఇంటి ఎద్దుతో ఉండు చనువు ఆ బండితో వారికి కుదిరెను. నేటికిని అనేక దేశములలో వాని యజమానులు సంఘములు కట్టుకొని ఈ కథలే చెప్పుకొనుచున్నారు.

1913లో కదలు వరుసపై కూర్పు మొదలైన పిదప, పండ్రెండున్నర గంటల పని గంటన్నరలో ముగిసెను. ధర 850 డాలర్ల నుండి క్రమముగా 300 లోపునకు దిగెను. 1914 జనవరిలో రోజుకు ఎనిమిది గంటల పనికి ఐదు డాలర్ల వేతనము ప్రకటించి లోకమును ఆశ్చర్యపరచెను. మన దేశమునకు కెనడా ఫోర్డు సంస్థ శాఖగా 1926లో ఫోర్డు ఇండియా వచ్చెను. 1928లో జనరల్ మోటార్సు బొంబాయిలో కార్లు కూర్చనారంభించెను. విడిభాగములు తెచ్చి కూర్చుటతో ఆగిన సంస్థలకు స్వతంత్ర భారత ప్రభుత్వ విధానము అనుకూలింపక, 1950 దశకమున రెండును వెడలిపోయెను. మా తాతగారి బండికి కావలసిన బుష్షును అటుపిమ్మట రాజమండ్రి లేతు పనివాడే చేసియిచ్చెనట.

ప్రేమ మూర్ఖతగా మారుట ఫోర్డు జీవితమున చూడవచ్చును. లోకము క్రొత్త బండ్లు కోరుచుండగా, అతడు తన మోడల్ టిని మార్చనొల్లలేదు. మార్పు కోరినవాడు స్వంత కుమారుడు ఎడ్సెల్. పేరునకు అతడే అధ్యక్షుడు. మాట మాత్రము తండ్రిది. తుదకు 1927 మే 26న కోటి యేబది లక్షలవ కారుతో ఆ కథ ముగిసెను. ఆనాడు హెన్రీ పాత కార్లను బయటికి తెప్పించి, 1896 నాటి తొలి బండిని తానే నడపెను.

ఇంతకంటె చీకటి కోణములు కలవు. 1920 దశకమున అతని పత్రిక యూదులపై ద్వేషము వెదజల్లెను. 1927లో క్షమాపణ చెప్పినను, 1938లో హిట్లరు ప్రభుత్వ పతకమును స్వీకరించెను. 1937లో కార్మిక సంఘ నాయకులను అతని సంస్థ మనుషులు చావగొట్టిరి. జీవితచరిత్రలు వ్రాయువారు కొందఱు ఈ పుటలను గబగబ త్రిప్పివేయుదురు. అది న్యాయము కాదు. ఐదు డాలర్లిచ్చిన చేయియు, ఆ పతకము నందుకొన్న చేయియు ఒకటే.

పల్లె జీవితమును కారుతో మార్చివేసిన ఆ మనిషియే, పోయిన పల్లెను వస్తువు వస్తువుగా ఏరుకొనెను. 1919లో తాను పుట్టిన ఇంటిని తల్లి నాటి రూపునకు తెచ్చుటకై పెరడు త్రవ్వించి, పగిలిన పింగాణీ పెంకులు వెదకించి, ఆ పోలికలోనే పళ్ళెములు చేయించెను. 1929లో డియర్‌బార్నులో గొప్ప మ్యూజియము నెలకొల్పెను. 65 డాలర్లకు తిరిగి కొన్న బండి నేడు అచ్చటనే యున్నది. మా ఊరి బండికి ఆ యోగము పట్టలేదు. తాతగారు పోయిన ఏడాదిలోగా అది తూకమునకు పోయెను.

1943లో ఎడ్సెల్ నలుబది తొమ్మిదేండ్లకే మరణించెను. ఎనుబదేండ్ల ముంగిట తండ్రి మరల అధ్యక్షుడయ్యెను; 1945లో మనుమనికి అప్పగించెను. 1947 ఏప్రిల్ 7న రూజ్ నదికి వరద వచ్చెను. పగలు కారులో తిరిగి వరదను చూచివచ్చిన హెన్రీ, రాత్రికి అస్వస్థుడయ్యెను. నది ఒడ్డున తాను కట్టించిన విద్యుత్తు కేంద్రము నీటిలో మునిగెను. ఇంట దీపములు లేవు, ఫోను లేదు. డ్రైవరు ఫోనున్న చోటికి కారులో పరుగెత్తెను. వైద్యుడు చేరునప్పటికి, క్రొవ్వొత్తుల వెలుగున, క్లారా ప్రక్కనుండగా, ఫోర్డు కన్నుమూసియుండెను.