తన పంటను తాను కాపాడుకున్న రైతు – చాకలి ఐలమ్మ



చాకలి ఐలమ్మ అనగానే మనకు కూడళ్లలోని విగ్రహాలు గుర్తుకొస్తాయి. వీరనారి అని నినాదాలిస్తాం. కానీ ఆమె అన్నిటికంటే ముందు ఒక కౌలు రైతు. మా నాన్న కూడా కౌలు రైతే. అందుకే ఆమె జీవితాన్ని నేను ఆ వైపు నుంచే చదివాను.

ఐలమ్మ 1895లో రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహను పెళ్లాడి అక్కడే స్థిరపడింది. నేడు జనగామ జిల్లాలో ఉన్న పాలకుర్తి ఆనాడు నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. నిజాం పాలనలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటే ఆ ప్రాంతానికి చట్టం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఇలా అందరూ దొర గడీకి కూలి లేకుండా వెట్టి చేయాల్సిందే. అలాంటి ఊళ్లో బట్టలుతికే కులంలో పుట్టిన ఆడమనిషి సొంతంగా సేద్యం చేయడమే దొరల కంట్లో నలుసయింది.

మల్లంపల్లి భూస్వామి కొండలరావు దగ్గర ఐలమ్మ కుటుంబం 40 ఎకరాలు కౌలుకు తీసుకుని, అందులో 4 ఎకరాలు సాగు చేసింది. ఆంధ్ర మహాసభ ఊళ్లలోకి వచ్చినప్పుడు, అదే జనం నోట్లో 'సంఘం', ఐలమ్మ అందులో చేరింది. ఇక దొరకు కోపం ఆగలేదు. ఆమె భర్త మీద, కొడుకుల మీద కేసు పెట్టించాడు. కోర్టులో అది నిలవలేదు. కాగితాలతో పని కాకపోయేసరికి, చేతికొచ్చిన పంటను కోసుకు రమ్మని తన మనుషులను పొలం మీదికి పంపాడు.

ఆ రోజు ఐలమ్మ ఒంటరిగా ఉంటే పంట గడీకి చేరేదే. కానీ భీమిరెడ్డి నర్సింహారెడ్డి వంటి సంఘం కార్యకర్తలు ఆమె వెంట నిలబడ్డారు. దొర మనుషులు వెనుదిరిగారు. ధాన్యం ఐలమ్మ ఇల్లు చేరింది.

ఆ గెలుపుకు ఆమె పెద్ద మూల్యమే చెల్లించింది. ఆమె ఇంటిని తగలబెట్టారు. అయినా ఆమె సంఘాన్ని వదలలేదు, భూమినీ వదలలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాలకు బలయ్యాక పోరాటం ఊరూరా అంటుకుంది. 1951 దాకా సాగింది. 1950లో హైదరాబాద్ రాష్ట్రంలో కౌలుదారుల రక్షణకు చట్టం వచ్చిందంటే, దాని వెనుక ఇలాంటి రైతుల చెమట, నెత్తురు ఉన్నాయి.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. 2024లో ప్రభుత్వం హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు ప్రకటించింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. మనలో చాలామందిది ఇదే కథ. ఒంటరిగా అయితే మనం కూడా ఓడిపోయేవాళ్లమే. ఈ హాస్టల్లో ఒకరికొకరం తోడున్నాం కాబట్టే ఇంతదూరం వచ్చాం. కష్టపడి పండించుకున్నది మనదే అని నిలబడటం, పక్కవాడి పంట పోతుంటే వెళ్లి తోడు నిలవడం, ఈ రెండూ ఐలమ్మ జీవితం నుంచి మనం నేర్చుకోవాలి.