కొండదారి పనుల్లో రగిలిన పితూరీ: అడవి హక్కుకు ప్రాణమిచ్చిన అల్లూరి

వేంసూరు: ఖమ్మం జిల్లా తూర్పు అంచున వేంసూరు మండలం దాటితే చింతలపూడి ప్రాంతం. నేడది రెండు రాష్ట్రాల సరిహద్దు. వందేళ్ల కిందట రెండు పాలనలకు హద్దు. ఈవల నిజాం ప్రభువు, ఆవల ఆంగ్లేయులు. ఇక్కడి నుంచి అశ్వారావుపేట అడవుల మీదుగా గోదావరి చేరి, కూనవరం వద్ద శబరి సంగమం దాటి, పాపికొండల వెనుకగా రంప, గూడెం కొండల వరకు సాగే అడవికి మాత్రం ఈ హద్దులేవీ పట్టవు. కోయలు, కొండరెడ్లు, బగతలు, కొండదొరలు తరతరాలుగా దానిని నమ్ముకొని జీవించారు. ఆ అడవిపై నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్నను తుపాకులకు ఎదురొడ్డి నిలదీసిన యోధుడు అల్లూరి సీతారామరాజు.

ఆయన పేరు వినగానే విల్లంబులు, కాషాయ వస్త్రాలు కళ్లెదుట మెదులుతాయి. 1974లో వచ్చిన చలనచిత్రం ఆ రూపాన్ని ప్రతి పల్లెకూ చేర్చింది. స్వాతంత్య్ర సమరయోధుడిగా ఆయన కీర్తికి కొదవ లేదు. అయితే పితూరీకి మూలమైన పోడు, రిజర్వు అడవి, కొండదారి పనుల వెట్టి ఆ కీర్తి వెలుగులో కొంత మరుగున పడ్డాయి. భద్రాచలం మన్యంతో ముడిపడిన కథ అసలు అక్కడే ఉంది.

రేకపల్లిలో తొలి నిప్పు

సీతారామరాజు జన్మించడానికి దాదాపు రెండు దశాబ్దాల ముందే మన్యం రగిలింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు తొలుత మధ్య పరగణాల్లో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ చేశారు. అంతవరకు దాదాపు స్వేచ్ఛగా సాగిన పోడుపై కొత్త పాలనలో శిస్తు పెరిగింది. కొన్ని చోట్ల పోడు కొట్టడమే నిషేధమైంది. రంపలో కల్లుపై విధించిన ఆంక్షలు, ‘చిగురు పన్ను’ వసూళ్లు అప్పటికే జనాన్ని విసిగించాయి. 1879లో రంపలో పుట్టిన తిరుగుబాటు శబరి తీరానికి పాకింది. అంబుల్ రెడ్డి నాయకత్వంలో రేకపల్లి ప్రాంతంలోని వడ్డిగూడెం పోలీసు ఠాణాపై దాడి జరిగింది. దానిని అణచివేసేందుకు ప్రభుత్వానికి ఏడాదికి పైగా పట్టింది.

పితూరీ చల్లారిన రెండేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గెజిటులో ప్రకటించిన అడవి ప్రభుత్వ ఆస్తి అయింది. అందులో చెట్టు నరకడం, పశువులను మేపడం, పోడు కొట్టడం నేరాలయ్యాయి. చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకు ఏరుకొని సంతలో అమ్ముకునే కుటుంబం సైతం అటవీ సిబ్బంది దయాదాక్షిణ్యాలపై ఆధారపడవలసి వచ్చింది. కలపకు వెల ఉంది గనుక సర్కారు లెక్కలో అడవి అంటే కలపే. కొండవాసి లెక్కలో తిండి, మందు, ఇంటి దూలం, దేవత అన్నీ అదే.

పోడు వల్ల అడవి నశిస్తుందని అధికారులు వాదించారు. ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేము. పోడు చేసేవారు చెట్లు నరికి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో సామ, కొర్ర, చోడి, కంది చల్లుతారు. రెండు మూడేళ్లు పండించి ఆ చెలకను వదిలి మరో చోటికి వెళతారు. వదిలిన చోట ఏళ్ల తరబడి అడవి మళ్లీ పెరగాలి. జనం తక్కువగా, కొండలు విశాలంగా ఉన్నంతకాలం ఆ పద్ధతి నిలిచింది. రిజర్వు హద్దులు గీసిన తరువాత తిరగడానికి చోటు తగ్గింది. మిగిలిన కొండపైనే మళ్లీ మళ్లీ గొడ్డలి పడింది. అడవిని కాపాడతామంటూ వచ్చిన చట్టమే ఆ విధంగా మిగతా అడవిపై భారం పెంచింది.

సన్యాసి వేషంలో మన్యానికి

సీతారామరాజు 1897 జులై 4న నేటి విశాఖపట్నం జిల్లాలోని పాండ్రంగిలో జన్మించారు. స్వగ్రామం భీమవరం సమీపంలోని మోగల్లు. తండ్రి వెంకట రామరాజు ఛాయాచిత్రకారుడు, తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి చిన్ననాటనే కన్నుమూశారు. తహసీల్దారుగా పనిచేసే పినతండ్రి రామకృష్ణంరాజు చదువు బాధ్యత తీసుకున్నారు. బాలుడి మనసు మాత్రం బడిలో నిలవలేదు. గుర్రపు స్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం, తీర్థయాత్రలు ఆయనను ఆకర్షించాయి. ఉత్తరాది పుణ్యక్షేత్రాలు తిరిగివచ్చి, 1917 ప్రాంతంలో తాండవ నదీ పరిసరాల్లోని కృష్ణదేవిపేట చేరారు.

అక్కడి గిరిజనులు ఆయనలో మొదట చూసింది వైద్యుడిని, ముహూర్తం చెప్పే స్వామిని. సహాయ నిరాకరణ ఉద్యమ కాలంలో ఆయన కల్లు మానాలని, తగాదాలను కోర్టులకు కాక పంచాయతీలకు తీసుకెళ్లాలని గూడేల్లో ప్రబోధించారు. ప్రభుత్వానికి అనుమానం కలగడానికి ఇది చాలింది. 1922 ఆరంభంలో ఆయనపై నిఘా పెట్టారు. పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లాఖాన్ సానుభూతి చూపి, పైడిపుట్టలో భూమి ఇప్పించి స్థిరపడేలా చేశారు. ఆ సేద్యం ఎంతోకాలం సాగలేదు. కొద్ది నెలలకే రాజు గూడెం కొండలకు తిరిగివచ్చారు.

దారి ఎవరి కోసం?

ఆనాడు నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనులు సాగుతున్నాయి. కొండలపైకి దారి పడితే అభివృద్ధేనని దొరల మాట. ఆ దారిన పైకి వచ్చేది పోలీసులు, అటవీ సిబ్బంది, వర్తకులు. కిందికి దిగేది కలప. రాళ్లు కొట్టి మట్టి మోసేది మాత్రం గూడేల జనం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ పనులకు గిరిజనులను బలవంతంగా తోలించారు. రోజుకు ఆరణాలన్న కూలీలో రెండణాలే చేతిలో పడేదని చరిత్రకారులు నమోదు చేశారు. పనికి రాకపోతే కొరడా దెబ్బలు. పోడు కాలంలో రోడ్డు పనికి వెళ్లిన కుటుంబానికి ఆ ఏడాది గింజలు ఉండవు. పంట పోవడం, కూలీ దక్కకపోవడం, అడవిలోకి అడుగుపెడితే జరిమానా ఏకకాలంలో మీద పడ్డాయి.

ముఠాదార్ల పరిస్థితి సైతం ఆశాజనకంగా లేదు. ఒకనాడు కొండ గ్రామాలకు పెద్దలైన వారి అధికారాలను, ఆదాయాలను ప్రభుత్వం ఒక్కొక్కటిగా లాగేసుకుంది. బట్టిపనుకులకు చెందిన గాం సోదరులు గంటందొర, మల్లుదొర ఈ విధంగా దెబ్బతిన్నవారే. వారే రాజుకు కుడి ఎడమ భుజాలయ్యారు. మైదానం నుంచి వచ్చిన అగ్గిరాజు వంటి వారూ జత కలిశారు.

మూడు రోజులు, మూడు ఠాణాలు

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై విరుచుకుపడింది. మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దళం చేతికి వచ్చాయి. తీసుకున్న ఆయుధాల వివరాలను ఠాణా రికార్డులోనే రాసి సంతకం చేయడం రాజు పద్ధతి. భారతీయ పోలీసులకు ప్రాణహాని తలపెట్టవద్దన్నది ఆయన నియమం. అక్టోబరులో అడ్డతీగల ఠాణాకు ముందుగా కబురు పంపి మరీ వెళ్లారు. పోలీసులు అప్పటికే ఆయుధాలు దాచేశారు. అదే నెల 19న రంపచోడవరంలో ప్రవేశించినప్పుడు జనం ఆయనకు నీరాజనం పట్టారు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన పోరులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు నేలకొరిగారు. ఇరుకైన ఆ కనుమలో ఏ బండ వెనుక ఎవరున్నారో పైనుంచి చూసేవారికే తెలుసు. అడవిని ఎరిగినవారికి అడవే ఆయుధాగారమయింది. అయితే డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద మలబారు పోలీసు దళాలతో తలపడినప్పుడు రాజు పక్షం తీవ్రంగా నష్టపోయింది. తరువాత అస్సాం రైఫిల్స్ దిగాయి. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో రాజు ప్రత్యక్షమైనప్పుడు, గాంధీజీ పట్ల గౌరవం ఉన్నా అహింసతో ఈ పాలన తొలగదన్న తన అభిప్రాయాన్ని దాచుకోలేదు.

మైదానంలోని కాంగ్రెసు నాయకులు చాలామంది ఆనాడు ఈ పితూరీకి దూరంగానే ఉన్నారు. హింసామార్గం వారికి రుచించలేదు. కొండవాసుల పోడు కష్టం వారికి ఆనలేదు అనడం కూడా సత్యదూరం కాదు. మన్యం తన పోరు తానే చేసుకోవలసి వచ్చింది.

1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చాక గూడేలపై ఒత్తిడి పెరిగింది. తిరుగుబాటుదార్లకు గింజ పెట్టిన ఊరికి శిక్ష తప్పలేదు. ఆకలి, జ్వరాలు దళాన్ని కుంగదీశాయి. మే 7న మంప వద్ద రాజు పట్టుబడ్డారు. కొయ్యూరుకు తీసుకెళ్లి, మేజర్ గూడాల్ ఆధీనంలో ఉండగా విచారణ లేకుండా కాల్చి చంపారు. తప్పించుకోబోగా కాల్చామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. సమాధి నేటికీ అక్కడే ఉంది. జూన్‌లో గంటందొర సైతం కాల్పుల్లో మరణించారు. సుదీర్ఘ జైలు శిక్ష అనుభవించిన మల్లుదొర స్వతంత్ర భారతంలో 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పితూరీదారుగా శిక్ష పడిన వ్యక్తి చట్టాలు చేసే సభకు చేరడం చరిత్రలో అరుదైన ఘట్టం.

రాజు తరువాత మన్యం

నిజాం వైపు అడవుల్లోనూ అవే కష్టాలు. 1940లో ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తరువాతే గోండుల భూమి గోడు ప్రభుత్వం చెవికెక్కింది. స్వాతంత్య్రానంతరం ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పరం కాకుండా 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో చేసిన సవరణతో అది మరింత కట్టుదిట్టమైంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇవ్వరాదని తేల్చింది. ఈ తీర్పుకు దారితీసింది అనంతగిరి కొండల గిరిజనుల పోరాటం. ఈసారి వారి ఆయుధం న్యాయస్థానం.

రాజు తొలి దాడి జరిగిన చింతపల్లి మళ్లీ వార్తల్లోకెక్కింది. అక్కడి చింతపల్లి, జెర్రెల రిజర్వు అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైటు తవ్వకాలకు కేటాయిస్తూ 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బాక్సైటు పొర నీటిని పీల్చి ఊటలుగా వదులుతుందని, కొండ తవ్వితే వాగులు ఎండుతాయని, కాఫీ, మిరియం తోటలు పోతాయని గూడేలు ఎదురుతిరిగాయి. ఆందోళనల నడుమ ఆ ఉత్తర్వు అమలు నిలిచింది, 2019లో రద్దయింది. కొండ దక్కింది.

తెలంగాణ వైపు పోడు వివాదం ఇంకా పచ్చిగానే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆధారంగా 2023 జూన్ 30న ప్రారంభమైన పంపిణీలో రాష్ట్రవ్యాప్తంగా లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ప్రకటించారు. అంతకు ఏడు నెలల ముందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, మొక్కల పెంపకంపై తలెత్తిన వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అడవిని కాపాడే ఉద్యోగి, అడవినే నమ్ముకున్న గూడెం పరస్పరం శత్రువులుగా మారిన వైనం ఇది. 1882 నాటి హద్దు రాళ్ల నీడ ఇంత దూరం పడింది.

1879లో రగిలిన రేకపల్లి ప్రాంతం నేడు వరరామచంద్రాపురం మండలంలో ఉంది. 1959 నుంచి ఖమ్మం జిల్లాలో ఉన్న ఆ మండలాన్ని, కూనవరం, చింతూరు తదితర ముంపు మండలాలతో పాటు పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రాజెక్టు కింద లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితులుగా లెక్కకు వచ్చాయి. వారిలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటు చేసి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినప్పుడు ఈ మండలాలను అందులో చేర్చారు. అదే ఏడాది జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. శబరి వెనక్కి తన్నింది. రాజు పేరు పెట్టి నాలుగు నెలలైనా గడవని ఆ జిల్లాలో, గోదావరి, శబరి తీర గ్రామాల జనం పిల్లాపాపలతో, మేకలతో సమీప కొండలెక్కి పరదాల కింద రోజుల తరబడి గడిపారు. నీరు తీశాక వారు అధికారులను అడిగింది పరిహారం, పునరావాసం ఎప్పుడని.