నరం వేగం కొలిచినవాడు

పొయ్యి మీది గిన్నె చురుక్కుమనగానే చెయ్యి లాగేసుకుంటాం. నరంలో ఆ కబురు ఎంత వేగంతో నడుస్తుందో కొలవడం అసాధ్యమనేవాడు జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్. ఆయన శిష్యుడే హెల్మ్‌హోల్ట్జ్ (1821-1894). 1849లో ఓల్గాను పెళ్లాడి, కోనిగ్స్‌బర్గ్‌లో కాపురం పెట్టి, కప్ప నరంలో కొలిచేశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు! అంకెలు రాసిపెట్టింది ఓల్గానే. ఆమెను తలుచుకునేవాళ్లు తక్కువ.

తర్వాత మనుషుల వంతు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఒంటి మీద మెదడుకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి సన్నటి కరెంటు తగిలించి, తెలిసిన వెంటనే చెయ్యి కదపమనేవాడు. ఆ రెండింటి తేడాలోంచి వేగం తీశాడు. మామూలు మనిషి లెక్క తెలిస్తేనే కదా, రోగి నరం మందగించిందని డాక్టరు చెప్పగలిగేది! షుగరుతో అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లకి ఇప్పుడు చేసే నరాల పరీక్షకి మూలం అక్కడుంది.

ఓల్గా మాత్రం 1859లో, ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి, క్షయతో పోయింది.