మల్లవీరుడు గామా, ఆతని తమ్ముడు

మధురలో కంసుని రంగస్థలమున జరిగిన మల్లయుద్ధము కథ తెలియని తెలుగువారుండరు. చాణూరుని కూల్చిన కృష్ణుని అందరును తలతురు. అదే రంగమున ముష్టికుని కూల్చిన బలరాముడు మాత్రము కొంత ఆలోచించిన పిదపగాని స్ఫురింపడు. అన్నదమ్ములు జంటగా గోదాలో దిగినపుడు కీర్తి ఇరువురకును సమముగా దక్కదు కాబోలు. ఇరువదవ శతాబ్దమున మన దేశమునందు అట్టి జంట యొకటి వెలసినది. అన్న గామా పేరు మన పల్లెలలో సైతము బలమునకు మారుపేరైనది. తమ్ముడు ఇమాం బక్షు పేరు కుస్తీ మర్మమెరిగినవారికే తెలియును.

గామా అసలు పేరు గులాం మహమ్మదు. ఆతడు 1878లో పంజాబునందలి అమృతసరు ప్రాంతమున జన్మించెనని పలువురు చెప్పుదురు. దతియా సంస్థానమున జన్మించెననువారును కలరు. వారిది కాశ్మీరమునుండి వచ్చిన మల్లుల వంశము. తండ్రి అజీజు బక్షు పేరుగన్న మల్లుడు. ఆతడు పిల్లల పసితనముననే గతించెను. తాతయు, ఆతని తరువాత మేనమామయు గామాను చేరదీసి గోదా మన్ను ఒంటికి రాసిరి.

1888లో జోధపూరు మహారాజు బస్కీల పోటీ యొకటి ఏర్పాటు చేసెను. దేశము నలుమూలలనుండి వందలకొలది మల్లులు వచ్చిరి. ఒక్కొక్కరే అలసి తొలగిపోగా, చివరకు నిలిచిన పదునైదుగురిలో పదేండ్ల బాలుడొకడుండెను. వయసు నెంచి మహారాజు ఆ బాలునకే గెలుపు ప్రకటించెను. తరువాత దతియా మహారాజు ఆతనిని చేరదీసి తర్ఫీదు ఇప్పించెను. గామా దినమునకు తీసిన దండీలు, బస్కీలు ఇన్ని వేలనియు, త్రాగిన పాలు ఇన్ని శేర్లనియు, నూరిన బాదములు ఇన్ని పలములనియు కథలు పెక్కులు కలవు. ఆ లెక్కలు చెప్పువారిని బట్టి పెరుగుచుండును గనుక వానిని విడిచిపెట్టుట మేలు. సాధన మాత్రము నిజము. తెల్లవారకముందే లేచి గోదా త్రవ్వి, మన్ను మెత్తజేసి, ఒకరి తరువాత ఒకరితో పట్టుపట్టుట ఆతని నిత్యకృత్యము.

ఇమాం బక్షు గామాకంటె కొలది యేండ్లు చిన్నవాడు, పొడవరి. గామా అయిదడుగుల ఏడంగుళములకు మించినవాడు కాడు. మెడ, భుజములు, తొడలు రాతిలో చెక్కినట్లుండెడివి. తమ్ముడు పొడవైన చేతులతో, చురుకైన కాళ్లతో ప్రత్యర్థిని చుట్టివేయు తీరుగలవాడు. అన్న బలముతో అణచును, తమ్ముడు ఒడుపుతో పడవేయును. ఇట్టి ఇరువురు ఒకే గోదాలో పెరుగుట ఇద్దరికిని లాభించెను.

1910వ సంవత్సరము ఈ కథకు గుండెకాయ. వంగదేశపు ధనికుడు శరత్కుమార మిత్ర వ్యయమును భరింపగా, బెంజమిను అను నిర్వాహకుడు మన మల్లులను లండనునకు తీసికొనిపోయెను. గామా, ఇమాంలతోపాటు అహమ్మదు బక్షు మున్నగువారును వెళ్లిరి. వంగ విభజనము తరువాత స్వదేశాభిమానము దేశమున రగులుచున్న దినములవి. పాలించు జాతి నడిబొడ్డున భారతీయుడు తన బలమును నిరూపించుట యన్నది వట్టి వినోదము కాదని పంపినవారికిని, పోయినవారికిని తెలియును.

లండనులో మొదట ఎదురైనది నిరాశ. గామా పొట్టివాడని పోటీలలో చేర్చుకొనరైరి. అంతట ఆతడు బహిరంగముగా సవాలు విసరెను: ఎంతటి బరువువారినైనను మువ్వురిని అర్ధగంటలో పడవేయుదునని. అది బూటకమని కొందరు తలచిరి. చివరకు అమెరికాదేశపు వైద్యుడు, మల్లుడు అగు బెంజమిను రోలరు ముందుకు వచ్చెను. ఆగస్టు నెలలో జరిగిన ఆ పోటీలో గామా ఆతనిని వరుసగా రెండుమారులు చిత్తుచేసెను. మొదటి పట్టు రెండు నిమిషములైనను సాగలేదు.

సెప్టెంబరులో ఇమాం వంతు వచ్చెను. స్విట్జర్లాండునకు చెందిన జాన్ లెమ్ము అప్పటికే లండను పోటీలలో మేటియని పేరుపొందినవాడు. ఇమాం ఆతనిని రెండు పట్లలోను కొలది నిమిషములకే వెల్లకిల పడవేసెను. ఏ కొలతతో చూచినను ఆ యేడు మనవారు లండనులో సాధించిన నిక్కమైన విజయములలో ఇది మొదటి వరుసది. కాని అయిదు దినములు గడువకముందే దానిని మరపించు సంఘటన జరిగినది.

సెప్టెంబరు 10వ తేదీన షెపర్డ్సు బుష్ మైదానమున గామాకు పోలండు మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కోతో పోరు ఏర్పడెను. పందెము 250 పౌన్లు, జాన్ బుల్ పట్టీ. జిబిస్కో గామాకంటె ఎంతయో బరువైనవాడు. పోరు మొదలైన క్షణములలోనే గామా ఆతనిని క్రిందికి తెచ్చెను. ఇక ఆ భారీకాయుడు చాపను కరచుకొని బోర్ల పరుండి లేవడయ్యెను. నేలకంటుకొన్న కొండను తలక్రిందు చేయుట ఎట్లు? రెండున్నర గంటలు దాటినను అదే తీరు. చీకటి పడగా పోరు సమమని ఆపిరి. మరువారము, 17వ తేదీన, తిరిగి పోరవలసియుండగా జిబిస్కో రానేలేదు. పట్టీ గామాకు దక్కెను. ప్రత్యర్థి రానందువలన లభించిన ఆ పట్టీ గామాను లోకప్రసిద్ధుని చేయగా, ఎదుట నిలిచినవానిని పడగొట్టిన ఇమాం గెలుపు పత్రికల మూలలకు ఒదిగిపోయెను. ఇందు గామా దోషమేమియు లేదు. లోకము తీరు అది.

ఆ దినములలోనే మన వీరఘట్టమునందు జన్మించిన కోడి రామమూర్తి నాయుడును బలప్రదర్శనములచేత దేశదేశములలో పేరుగాంచెను. అయితే గొలుసులు త్రెంచుట, ఏనుగును రొమ్ముపై నిలుపుట ఒక విద్య. ఎదుటివాని యెత్తునకు పైయెత్తు వేయుట వేరొక విద్య.

స్వదేశమునకు మరలిన పిదప గామా చిరకాల ప్రత్యర్థియగు రహీం బక్షు సుల్తానీవాలాతో అలహాబాదున తలపడెను. ఇంచుమించు ఏడడుగుల పొడవుగల ఆ వృద్ధసింహముతో అంతకుముందు పోరాడినప్పుడు గెలుపు తేలలేదు. ఈ పర్యాయము గామా గెలిచి రుస్తుమే హిందు అయ్యెను. అది మొదలుకొని ఆతనిని ఎదిరించుటకు సాహసించువారు అరుదైరి. ఇక్కడనే తమ్ముని అసలు పాత్ర మొదలగును. గామాతో పోరగోరువాడు ముందు ఇమామును గెలువవలెనను కట్టుబాటు ఏర్పడెను. వచ్చినవారిలో కొరగాని వారెవ్వరును లేరు. మూగవాడగు గూంగా పహిల్వాను వంటి యువసింహములు ఇమాముతో తలపడి ఆతనిని చెమటలు పట్టించిరి. కోటలోని రాజు చెక్కుచెదరక నిలిచెనన్నచో, ద్వారమున దెబ్బలు తిన్నవాడొకడుండెనన్నమాట. కాలక్రమమున గామాను రుస్తుమే జమానుగా, అనగా జగజ్జెట్టిగా కీర్తించిరి. రుస్తుమే హిందు బిరుదము ఇమాము వహించెను.

పాశ్చాత్య దేశములలో తరువాతి కాలమున జంటకుస్తీ ప్రబలినది. ఒకడు అలసినపుడు తాళ్లకావల నిలిచిన జతగాని చేతిని తాకి ఆతనిని లోనికి పంపును. ఈ సోదరులు అట్టి ఆట ఆడలేదు. అయినను అన్న విశ్రాంతిని, కీర్తిని కాపాడుటకు యేండ్ల తరబడి తమ్ముడు గోదాలో దిగుట జంటకుస్తీ కాక మరేమి?

1928 జనవరిలో పటియాలా మహారాజు భూపేంద్ర సింగు జిబిస్కోను మరల రప్పించెను. ఈమారు చాప కాదు, మన మన్ను. వేలకొలది జనము చూచుచుండగా, నిమిషమైనను పూర్తికాకముందే గామా ఆతనిని చిత్తుచేసెను. పదునెనిమిదేండ్ల బాకీ అట్లు తీరినది. మరుసటి యేడు పీటర్సను అను మల్లుడును అట్లే ఓడెను.

1947లో దేశము రెండైనది. సోదరులు పాకిస్థానమునకు చెందినవారైరి. ఆ భయంకర దినములలో గామా లాహోరులో తన వీథియందలి హిందువులకు అడ్డునిలిచి, మూకలను తరిమి, వారిని క్షేమముగా సాగనంపెనని చెప్పుదురు. ఆతని చివరి దినములు రోగముతోను, ఇబ్బందులతోను గడచినవి. సరిహద్దుకు ఈవలనుండి సైతము ఆతనికి ధనసహాయము అందెనని ప్రతీతి. 1960 మే 23న గామా లాహోరున కన్నుమూసెను.

గామా కుమారులు పిన్నవయసుననే గతించిరి. కుస్తీ విద్య నిలిచినది ఇమాం సంతతియందు. ఆతని కుమారులు భోలూ, ఆజం, అస్లం, అక్రం, గోగా, భోలూ సోదరులను పేర పాకిస్థానమున ప్రఖ్యాతులైరి. 1976లో అక్రము కరాచీలో జపాను మల్లుడు ఆంటోనియో ఇనోకి చేతిలో ఓడగా, 1979లో లాహోరున అదే ఇనోకి ఎదుట అస్లము కుమారుడు జారా నిలిచెను. పోరు ముగిసినపుడు ఇనోకియే ఆ యువకుని చేయి పైకెత్తి చూపెను. జారా ఇమాం బక్షునకు మనుమడు. గామా మనుమడని చెప్పుకొన్నవారును లేకపోలేదు.