ఐసు పట్టని చక్రం: గ్యారేజీ మెకానిక్ బొంబార్డియర్ జీవితం

ఆటోనగర్ (విశాఖపట్నం): వానాకాలంలో షెడ్డుకి లారీ వస్తే, దాని కిందకి దూరిన కుర్రాడు ముందు చేసే పని రిపేరు కాదు, మట్టి గీకడం. మడ్‌గార్డుల లోపల, కమాన్ కట్టల సందుల్లో పట్టిన బురద వదిలితే గానీ నట్టు కనపడదు. అక్కడ మట్టి బదులు మంచు ఉంటే? బండి నడుస్తున్నంతసేపు మెత్తగా పట్టి, ఆగగానే రాయిలా గడ్డకడితే? మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్లకి మొదటి నుంచీ ఉన్న పెద్ద జబ్బు ఇదే.

ఆ జబ్బుకి గట్టి మందు కనిపెట్టిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కెనడాకి చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్. ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన మనిషి కాదు, పల్లెటూరి గ్యారేజీ మెకానిక్. ఢిల్లీ మెట్రో బోగీలు తయారుచేసిన కంపెనీ పేరుగా మనలో చాలామంది ఈ పేరు వినే ఉంటారు. కానీ ఆ పేరు వెనక బిడ్డని పోగొట్టుకున్న ఒక తండ్రి ఉన్నాడన్న సంగతి తక్కువమందికి తెలుసు.

పదిహేనేళ్ళకే పంకా బండి

బొంబార్డియర్ 1907 ఏప్రిల్ 16న క్విబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ అనే ఊళ్ళో పుట్టారు. ఆ రోజుల్లో అక్కడ చలికాలం వచ్చిందంటే రోడ్లు నెలల తరబడి మంచు కింద ఉండిపోయేవి. కార్లు షెడ్లలో పెట్టేసి, జనం గుర్రపు స్లెడ్జి బండ్లు ఎక్కేవాళ్ళు. డాక్టరు రావాలన్నా, ఉత్తరం చేరాలన్నా గుర్రమే దిక్కు.

చిన్నప్పటి నుంచీ ఆయన చెయ్యి ఊరికే ఉండేది కాదు. దేన్నో ఒకదాన్ని విప్పి మళ్ళీ బిగించాల్సిందే. తండ్రి ఒక పాత ఫోర్డ్ మోడల్ టి ఇంజను ఇస్తే, దాన్ని స్లెడ్జికి బిగించి, వెనకాల చెక్కతో చేసిన విమానం పంకాలాంటిది పెట్టారు. 1922 డిసెంబర్ 31న తమ్ముడు లియోపోల్డ్‌తో కలిసి దాన్ని ఊరి వీధిలో నడిపారు. బండి నడిచింది, ఊరంతా నోరెళ్ళబెట్టింది. కానీ కవచం లేకుండా గిర్రున తిరిగే ఆ పంకా చూసి తండ్రి గుండె ఝల్లుమంది. వెంటనే విప్పేయమన్నారు. అప్పటికి ఆయన వయసు 15.

ఇంట్లోవాళ్ళు ఆయన్ని చర్చి ఫాదర్ చెయ్యాలనుకుని షెర్‌బ్రూక్‌లోని సెమినరీలో చేర్చారు. ఆయన మనసు మాత్రం ఇంజన్ల మీదే. 17 ఏళ్ళకి తండ్రిని ఒప్పించి బయటికొచ్చి, గ్యారేజీలో ఉస్తాద్ దగ్గర చేరినట్టే చేరి పని నేర్చుకున్నారు. తర్వాత మాంట్రియల్‌లో పగలు పని, తీరిక వేళల్లో మెకానికల్, ఎలక్ట్రికల్ పాఠాలు. 1926లో, 19 ఏళ్ళకే, సొంతూళ్ళో గ్యారేజీ తెరిచారు. 1929లో ఇవాన్ లాబ్రెక్‌తో పెళ్ళయింది. వేసవిలో కార్ల రిపేర్లు, చలికాలంలో మంచు బండి ప్రయోగాలు, ఏటా ఇదే వరస.

1934 చలికాలం

ఆ ఏడాది రెండేళ్ళ కొడుకు ఇవోన్‌కి అపెండిసైటిస్ వచ్చి ముదిరిపోయింది. ఆసుపత్రి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో షెర్‌బ్రూక్‌లో ఉంది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. గ్యారేజీలో ప్రయోగం బండి ఉంది కానీ అది ప్రయాణానికి సిద్ధంగా లేదు. ఏళ్ళ తరబడి మంచు బండి మీదే పనిచేస్తున్న మనిషి, తన బిడ్డని ఆసుపత్రికి చేర్చలేకపోయారు. పిల్లాడు చనిపోయాడు.

ఆయన పని మానలేదు. పట్టుదల ఇంకా పెరిగింది.

రబ్బరు చేసిన పని

మంచు మీద బండి నడవాలంటే బరువు ఒకచోట పడకూడదు, వెడల్పాటి ట్రాక్ మీద పరుచుకోవాలి. ఆ ట్రాక్‌ని తిప్పేది పళ్ళ చక్రం, మెకానిక్‌ల భాషలో స్ప్రాకెట్. ఇనప పళ్ళతో ఒక చిక్కుంది. పళ్ళ సందుల్లోకి మంచు దూరి, ఒత్తిడికి గట్టిపడి, ఐసు అయిపోతుంది. పన్నుకి పట్టు దొరకదు, ట్రాక్ జారుతుంది లేదా ఊడిపోతుంది.

బొంబార్డియర్ ఆ చక్రానికి రబ్బరు తొడిగారు. ట్రాక్‌ని కూడా రబ్బరు పట్టీలు, అడ్డంగా ఇనప కడ్డీలతో చేశారు. ఇనుముని పట్టినంత గట్టిగా ఐసు రబ్బరుని పట్టదు. పైగా తిరిగేటప్పుడు రబ్బరు కొంచెం వంగుతుంది, ఆ కదలికకి పట్టిన మంచు పగిలి రాలిపోతుంది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ గీకే పని మనిషి నుంచి చక్రానికే అప్పజెప్పారు. 1937 జూన్‌లో దీనికి పేటెంటు వచ్చింది.

ఆ చక్రంతోనే ఏడుగురు కూర్చునే బి7 బండి అమ్మకానికి వచ్చింది. తర్వాత 12 మంది పట్టే బి12. డాక్టర్లు కొన్నారు. అంబులెన్సుగా, స్కూలు బస్సుగా, పోస్టు బండిగా పల్లెల్లో తిరిగింది. తన బిడ్డకి అందని బండి ఊళ్ళోవాళ్ళ బిడ్డలకి అందింది. 1942లో కంపెనీ రిజిస్టర్ చేశారు.

దెబ్బ తగిలినా లేచారు

1948లో క్విబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించడం మొదలుపెట్టింది. జనానికి మంచిదే, ఆయన వ్యాపారానికి పెద్ద దెబ్బ. రోడ్డు తెరిచి ఉంటే మంచు బండి ఎవరు కొంటారు? బిజినెస్ చదివినవాళ్ళు మార్కెట్ పోయిందనే లెక్క రాస్తారు. ఆయన రోడ్డే లేని చోట్లు వెతికారు. అడవులు, గనులు, బురద నేలల్లో పనిచేసే మస్కెగ్ ట్రాక్టరు 1953లో తెచ్చారు. పెద్ద కొడుకు జెర్మైన్‌తో కలిసి అతుకు లేని రబ్బరు ట్రాక్ మీద పనిచేశారు. అతుకు లేకపోతే మంచు పట్టే సందులు కూడా తగ్గుతాయి.

1959లో చిన్న బండి స్కీ-డూ వచ్చింది. మొదటి ఏడాది 225 దాకా అమ్ముడయ్యాయి. కుక్కలు లాగే బండ్ల మీద ఆధారపడిన ఉత్తరాది ఊళ్ళలో అది బతుకునే మార్చేసింది.

ఇప్పటికీ అదే పోరు

నేటి స్నోమొబైల్‌కి ట్రాక్ పైన కప్పులా అల్యూమినియం టన్నెల్ ఉంటుంది. ఇంజను వేడికి అక్కడ మంచు కరిగి, బండి ఆగాక మళ్ళీ గడ్డకడుతుంది. బరువు పెరుగుతుంది, చక్రాలు బిగుసుకుంటాయి. అందుకే తెలిసినవాళ్ళు ఆపే ముందు బండి వెనక భాగం స్టాండు మీదకెత్తి, వెనకాల ఎవరూ లేకుండా చూసి, ట్రాక్‌ని కాసేపు తిప్పి మంచు విదిలిస్తారు. నేలకి అంటుకుపోకుండా చెక్కల మీద నిలుపుతారు. టన్నెల్ లోపల నున్నటి ప్లాస్టిక్ షీటు వేస్తారు, సిలికాన్ స్ప్రే కొడతారు. గడ్డకట్టింది తీయాలంటే రబ్బరు సుత్తితో తడతారు, ఇనప గునపం వాడరు. అన్నిటి వెనకా సూత్రం ఒకటే: పట్టాక గీకడం కన్నా పట్టకుండా చూడడం మేలు.

మనకీ ఇది కొత్త కాదు. ఖనిజం, బొగ్గు మోసే కన్వేయర్లలో తడి పొడి అంటుకోకుండా, బెల్టు జారకుండా డ్రమ్ములకి రబ్బరు తొడుగుతారు. మంచు చూడని ఊళ్ళోనూ అదే కిటుకు పనిచేస్తోంది.

బొంబార్డియర్ 1964 ఫిబ్రవరి 18న క్యాన్సర్‌తో షెర్‌బ్రూక్‌లో కన్నుమూశారు. వయసు 56. ఆయన పోయాకే కంపెనీ రైళ్ళు, విమానాల దాకా పెరిగింది. ఆయన మొదటి గ్యారేజీని వాల్‌కూర్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. డిగ్రీ లేదని మన షెడ్లలో తల దించుకుని పనిచేసే కుర్రాళ్ళకి, వాళ్ళ అమ్మానాన్నలకి ఈ కథ చెప్పాలి. బండి కింద పడుకుని చూసేవాడికి కనపడే తప్పు కొన్నిసార్లు బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనపడదు.