ఇంటికో పొడి అక్షరం

నూరేళ్ల పాటు అమెరికా పట్టణాలను ఇంటింటికీ తిరిగి చూసి కాగితం మీద పెట్టిన శాన్‌బోర్న్ అగ్నిబీమా పటం ఇక కొత్తగా పుట్టదు. దాని పొడి అక్షరాలను తడుముకోకుండా చదివేసే బీమా గుమాస్తా కూడా దానితో పాటే వెళ్లిపోయాడు. ఆ ఇద్దరినీ తలచుకుంటూ ఈ నాలుగు మాటలు.

డేనియల్ ఆల్ఫ్రెడ్ శాన్‌బోర్న్ అనే సర్వేయరు 1866లో ఏట్నా బీమా కంపెనీ కోసం టెన్నెసీ రాష్ట్రంలోని కొన్ని పట్టణాలను గీశాడు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో సొంతంగా కంపెనీ పెట్టాడు. అంతర్యుద్ధం ముగిసి, కర్రతో కట్టిన ఊళ్లు ఎడాపెడా పెరుగుతున్న కాలమది. ఎక్కడో హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని బీమా కార్యాలయంలో కూర్చుని, కంటితో చూడని ఇంటికి పూచీ పడటం ఎంత ప్రమాదమో 1871లో షికాగో తగలబడ్డాక బీమావాళ్లకు మరింత బాగా తెలిసొచ్చింది. తమ తరఫున వెళ్లి చూసే కన్ను వాళ్లకు కావాలి. ఆ పనికి ఈ పటం ఒదిగింది. 12,000కు పైగా పట్టణాలు దానిలోకి వచ్చాయి.

నేల మీద 50 అడుగులు, కాగితం మీద ఒక అంగుళం. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, కర్ర ఇంటికి పసుపు, రాతికి నీలం, ఇనుముకు బూడిద రంగు. ఆ రంగుల మధ్య పొందికగా కూర్చున్న అక్షరాలు. ‘డి’ అంటే కాపురముండే ఇల్లు, ‘ఎస్’ అంటే కొట్టు, ‘ఎఫ్’ అంటే వాటాల ఇల్లు. ‘డి.జి.’ బట్టల దుకాణం. ‘బి. అండ్ ఎస్.’ బూట్లు, చెప్పులు అమ్మే చోటు. ‘సాల్’ అని ఉంటే సారాకొట్టు, ‘వ్యాక్’ అంటే ఖాళీ. కమ్మరి కొలిమికి, రేకుపని చేసే కొట్టుకు, బండ్లు చేసే వడ్రంగికి ఎవరి కురచ పేరు వారికుంది. గుర్రపుశాలకు అక్షరం కూడా అక్కర్లేదు, చదరం మీద అడ్డంగా రెండు గీతలు చాలు. ఎండుగడ్డీ లాంతరూ ఒక్కచోట ఉండే స్థలం కనుక ఆ గుర్తు దూరం నుంచే కనబడాలి. వేశ్యల ఇళ్లను ‘ఆడవాళ్ల బస’ అని మర్యాదగా రాసి ఊరుకునేవారు. వాళ్ల నడత మీద తీర్పు చెప్పడం పటం పని కాదు. ఫ్యాక్టరీ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడేది: రాత్రి కాపలా ఉందా, వెలుతురు దేనితో, యంత్రాలను తిప్పేది ఆవిరేనా అని అడిగి రాసుకునేది.

‘ఇది అంటుకుంటే ఏమవుతుంది?’ అన్న ఒక్క ప్రశ్నే దానిది. నిప్పుకు మేడా గుడిసె తేడా లేదు గనుక పటానికీ లేకపోయింది. బ్యాంకును ఏ కలంతో రాశారో చైనావాళ్ల లాండ్రీని, మంగలి కొట్టును, చెప్పులు కుట్టేవాడి ఇరుకు గదిని అదే కలంతో రాశారు. ఊళ్ల చరిత్రలు రాసిన పెద్దలు దాటిపోయిన గుమ్మాల దగ్గర ఈ పటం ఆగి నిలబడింది. దాని మీద నాకున్న గౌరవమంతా అందుకే.

ఊరు మారినప్పుడల్లా పుటంతా మళ్లీ అచ్చువేయడం కుదరదు. మారిన ఇంటి మేరకు చిన్న కాగితం ముక్క అచ్చువేసి, కంపెనీ మనుషులు బీమా కార్యాలయాలకు వెళ్లి పాతదాని మీద గీతకు గీత కలిసేలా అతికించి వచ్చేవారు. ఏళ్లు గడిచేకొద్దీ పుటలు దళసరి అయ్యేవి. గుర్రపుశాల గుర్తు మీద ఒకనాడు ‘ఏ’ అనే అక్షరం వచ్చి కూర్చునేది, అంటే మోటారు గ్యారేజి. గుర్రం పోయింది, దాన్ని నమ్ముకున్న లాడాలు కొట్టేవాడు, జీనులు కుట్టేవాడు పోయారు. ఒక తరం బతుకుతెరువు తలకిందులైన సంగతిని అంత క్లుప్తంగా చెప్పిన రాత నేను మరొకటి చూడలేదు. ఆ ముక్క కింద పాత గుర్తు అలాగే ఉంటుంది, చెరిపేయలేదు.

క్షీణత నెమ్మదిగా వచ్చింది. బీమా కంపెనీలు కలిసిపోయి పెద్దవయ్యాయి, పూచీ అనేక ఊళ్లకు పరుచుకుంది. ఇంటింటినీ చూడటం మాని, లెక్కలు కట్టే పద్ధతులకు మళ్లాయి. 1930ల చివర ఏటా 5 లక్షల డాలర్లు దాటిన లాభం 1958, 1959లలో లక్షకు లోపు పడిపోయింది. ఆ రోజుల్లోనే యువకుడైన వారెన్ బఫెట్ ఈ కంపెనీ వాటాలు కొన్నాడు. ఆయనను ప్రధానంగా ఆకర్షించినవి పటాలు కావు, కంపెనీ దగ్గర పోగుపడి ఉన్న షేర్లు, బాండ్లు. అన్నేళ్లు వీధి వీధీ కొలిచిన పని విలువ బజారులో దాదాపు సున్నా అయిందన్నమాట. వ్యాపారంగా అది సరైన లెక్కే కావచ్చు, కానీ చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఈ పటాల పుటలు సుమారు 7 లక్షలు భద్రంగా ఉన్నాయి. తాతముత్తాతల ఇల్లు వెతుక్కునేవారు, పాత కట్టడాలను నిలబెట్టేవారు వాటిని విప్పి చూస్తారు. వాళ్లకంటే శ్రద్ధగా చూసేది పర్యావరణ ఇంజనీర్లు. ఖాళీ స్థలంలో కొత్తగా ఏదైనా కట్టే ముందు, అక్కడ ఒకప్పుడు బట్టలు రసాయనాలతో ఉతికే దుకాణముందా, పెట్రోలు ట్యాంకు పాతిపెట్టారా అని పుట తర్వాత పుట వెతుకుతారు. చిన్న సున్నా పక్కన ‘జి.టి.’ అన్న అక్షరాలు కనబడితే, అక్కడి మట్టిని తవ్వి పరీక్షకు పంపుతారు.